బావ పోసిన దారి

గడియారాలాయనకు లోకంలో ఒక్కడంటేనే కుళ్ళు. పక్కింటివాళ్ళు మేడ మీద మేడ వేసుకున్నా ఆయనకేం పట్టలేదు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న శిష్యుడు ఈయన కొట్టుకు సరిగ్గా ఎదురుగా అద్దాలు బిగించిన గడియారాల కొట్టు పెట్టి, గిరాకీలో సగం పట్టుకుపోయినా, "వాడి చెయ్యి మంచిది, పోనీలే" అని ఊరుకున్నాడు. అంతటి పెద్దమనిషి కూడా పెళ్ళాం నోట "బావ" అన్న మాట వినపడితే చాలు, పసిపిల్లాడికన్నా అధ్వాన్నమైపోయేవాడు.

బావంటే ఆవిడకు మేనత్త కొడుకు, తాపీమేస్త్రి. ఆవిడ తండ్రీ తాపీమేస్త్రే. మేనల్లుణ్ణి వెంట తిప్పుకుని పని నేర్పాడు. పెద్దవాళ్ళు ఒకప్పుడు వీళ్ళిద్దరికీ ముడిపెడదామని అనుకున్నారట. అనుకున్నారు, మానేశారు. బావ వేరే పిల్లను చేసుకున్నాడు, ఈవిడకు గడియారాలాయన దొరికాడు. ఎవరి సంసారం వాళ్ళది. అక్కడితో ఆ ముచ్చట ముగిసిపోవాలి కదా? ముగియలేదు. ఎందుకంటే ఆ బావ పోసిన సిమెంటు దారి ఈయన ఇంటిముందే పరుచుకుని కూర్చుంది.

గేటు నుంచి కారు షెడ్డు దాకా ఇరవై అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట వేసింది. పైన చీపురుతో గీసిన సన్నటి గీతలు, ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా, ఒకదాన్నొకటి తాకకుండా. ఎంత వాన పడినా చుక్క నీరు నిలవదు, తడికాలితో పరిగెత్తినా జారదు. దారినపోయేవాళ్ళు ఆగి మరీ చూసేవారు. ఎదురింటి టీచరమ్మగారైతే తన ఇంటికి చుట్టాలొచ్చినా ముందు దీన్ని చూపించేది. "వీళ్ళావిడ బావ పోశాడండీ. ఇలాంటి పని ఈ రోజుల్లో ఎవరు చేస్తారు చెప్పండి?" అనేది.

ఎవరు చేస్తారు, ఎవరు చేస్తారు అని ఇరవై ఒక్క ఏళ్ళు వింటే ఎంతటివాడికైనా కడుపు రగలదా? పైగా అదేమైనా గోడకు తగిలించిన పటమా, తీసి అటక మీద పడెయ్యడానికి? పొద్దున కొట్టుకు వెళ్తూ తొక్కాలి, సాయంత్రం వస్తూ తొక్కాలి. ముచ్చటపడి పాత కారు కొనుక్కుంటే అదీ ఆ బావ వీపు మీంచే షెడ్డులోకి వెళ్ళాలి.

అది పోసినప్పుడు ఆయన ఊళ్ళో లేడు. బ్యాటరీ గడియారాలు కొత్తగా వస్తున్న రోజులు; వాటి పని నేర్చుకోవడానికి పదిరోజులు వేరే ఊరు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గేటు నుంచి షెడ్డు దాకా తడిగోనెలు కప్పి ఉన్నాయి. "ఇదెవరు చేశారు?" అన్నాడు. "బావ వచ్చాడండీ. బావా…" అని ఆవిడ మొహం వెలిగిపోతూ మొదలుపెట్టింది. ఆ వెలుగు చూశాడు, అంతే. కాళ్ళు కడుక్కోవాలంటూ లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత కూడా ఆ సంగతి ఎప్పుడెత్తినా ఆయనకు ఏదో ఒక పని గుర్తొచ్చేది. కొన్నాళ్ళకు ఆవిడ ఎత్తడం మానేసింది. మానేసిందంటే మనసులోనే దాచుకుందన్నమాట అని ఈయన దానికీ కుళ్ళుకున్నాడు. అసూయపడేవాడితో వచ్చిన చిక్కే ఇది. మాట్లాడినా తప్పే, మాట్లాడకపోయినా తప్పే.

ఈ ఏడు గేటు కింద నీళ్ళపైపు పగిలింది. ఎన్నాళ్ళనుంచి కారుతోందో ఏమో, లోపల మట్టి కొట్టుకుపోయి, గేటు దగ్గర దారి రెండు వేళ్ళ లోతు కుంగి, అడ్డంగా పగులిచ్చింది. పైపు బాగుచేయించారు గానీ పగులు మిగిలింది. ఆ రోజు గడియారాలాయన ముఖం చూడాలి! కొట్టు తెరవడం కూడా మరిచిపోయి పగులు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. కంటికి భూతద్దం పెట్టుకుని మరీ చూశాడు. "ఏమేవ్, ఇలా రా! మీ బావ పనితనం చూడు!" అని కేకేశాడు.

ఆవిడ వచ్చింది. గేటు పట్టుకుని మెల్లిగా వంగి, పగులు పొడుగునా అరచెయ్యి రాసింది.

"బావను ఒకసారి చూడమందామండీ. అతుకుతుందేమో. ఆదివారం రమ్మని ఫోన్ చేస్తాను," అంది.

అగ్గి మీద గుగ్గిలం పడింది. "మళ్ళీ వాడా? అక్కర్లేదు. మొత్తం పీకేస్తాను. నేనే పీకేస్తాను."

"మీరా?" అంది ఆవిడ.

ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. యాభై ఆరేళ్ళ మనిషి. ఆవగింజంత మరలు తిప్పిన వేళ్ళు. ఇంట్లో బియ్యం బస్తా వస్తే కొట్టువాడే లోపల పెట్టి వెళ్ళేవాడు. అన్నీ నిజమే. కానీ నిజమైతే మాత్రం పెళ్ళాం అనొచ్చా?

"నేనే. ఆదివారం వాడొచ్చేసరికి ఇక్కడ మట్టి తప్ప ఇంకేం ఉండకూడదు."

"చూశాక తీద్దురుగాని, ఆగండి," అంది. ఆగితే ఆయన గడియారాలాయన ఎందుకవుతాడు? ఆగినవాటిని నడిపించడమే ఆయన పని.

మంగళవారం పొద్దున వెల్డింగు షాపుకు వెళ్ళి సమ్మెట, గునపం అరువడిగాడు. వెల్డింగాయన ఈయన వేళ్ళవంక ఒకసారి, సమ్మెటవంక ఒకసారి చూశాడు. "సిమెంటు పగలగొట్టే మిషను అద్దెకు దొరుకుతుంది సార్. ఒక్క పూటలో అయిపోతుంది," అన్నాడు.

"మిషను తీస్తే నేను తీసినట్టా?" అన్నాడు గడియారాలాయన.

వెల్డింగాయనకు ఏమీ అర్థం కాలేదు. సమ్మెట ఇచ్చేశాడు.

మామూలు మనిషైతే పగులున్నచోట మొదలుపెడతాడు. ఈయన వెళ్ళి సరిగ్గా నట్టనడుమ నిలబడ్డాడు, గీతలు అన్నిటికన్నా అందంగా ఉన్నచోట, టీచరమ్మగారు వేలెత్తి చూపించే చోట. బావ గొప్పంతా అక్కడే ఉంది కాబట్టి మొదటి దెబ్బ అక్కడే పడాలి. పైకెత్తి, బలమంతా పెట్టి వేశాడు. ఠంగుమని సమ్మెట తిరిగి ఎగిరింది. చేతుల్లోంచి భుజాల దాకా, అక్కణ్ణుంచి పళ్ళ దాకా జివ్వుమంది. నేల మీద చూస్తే గోరుతో గీకినంత మచ్చ.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఏ పని చేసినా ఒక కన్ను మూసి చేసే అలవాటు. గురి చూడగానే ఆ కన్ను దానంతటదే మూసుకుపోతుంది. ఒంటికంటితో గడియారం బాగుచెయ్యొచ్చు గానీ సమ్మెట వేస్తే అది ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. ఒక దెబ్బ దారి మీద, ఒక దెబ్బ పక్కన మట్టిలో, ఒకటి ఆయన చెప్పు అంచు మీద. బొటనవేలు వెంట్రుకవాసిలో తప్పించుకుంది. చీకటిపడేసరికి కంచమంత గుంట పడింది. అది చూసుకుని ఏదో కోట పగలగొట్టినవాడిలా లోపలికొచ్చాడు.

బుధవారం అరచేతులు బొబ్బలెక్కాయి. గుడ్డ చుట్టుకుని కొట్టాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇవాళైనా ఆగుతారా?" అంది. వినలేదు. టీచరమ్మగారు తన గేటు దగ్గరనుంచి, "అయ్యయ్యో, మంచి దారండీ! ఎంత కొట్టినా పగలట్లేదంటే ఎంత గట్టిగా పోశాడో చూడండి ఆ బావ!" అంది. పుండు మీద కారం చల్లడమంటే ఇంతకన్నా ఉందా? ఆ తర్వాతి దెబ్బకు నిజంగానే పెద్ద పెళ్ళ లేచింది. టీచరమ్మగారికి తెలియదు గానీ ఆ పెళ్ళను లేపింది ఆమె మాటే.

గురువారం మధ్యాహ్నానికి దారి నడుమంతా చిందరవందర అయింది. నాలుగడుగుల మేర గీతల్లేవు, అంచుల్లేవు, కంకర పళ్ళికిలించుకుని కనిపిస్తోంది. ఆవిడ బయటికొచ్చి చాలాసేపు దానివంక చూసింది. ఆ చూపు చూసి ఈయన, 'ఏడవ్వే, మీ బావ దారి కోసం ఏడువు' అనుకున్నాడు లోపల. పైకి అనలేదు, అంత మటుకు నయం.

"ఇంక అతకడానికేం మిగల్లేదు," అంది ఆవిడ నెమ్మదిగా. "నడుమ కొట్టకండి. కింద నేల గట్టిగా ఆనుకుని ఉంటే దెబ్బ తినదు. అంచు దగ్గర కింద మట్టి తవ్వి తీసెయ్యండి. గునపం దూర్చి కాస్త పైకెత్తి, కింద రాయి పెట్టండి. అప్పుడు కొడితే ఖాళీ మీద ఉంటుంది కాబట్టి విరిగిపోతుంది."

సమ్మెట కిందపెట్టి చూశాడు ఆయన. చెప్పింది సబబుగానే ఉంది. అంత సబబుగా ఉండడమే ఆయనకు నచ్చలేదు.

"ఈ విద్యలన్నీ నీకెవరు చెప్పారు?"

"మా నాన్న. బావకూ ఆయనే నేర్పాడు. చిన్నప్పుడు మేము ఇద్దరం…"

"చాలు. మీ బావ విద్య నాకక్కర్లేదు. నాకు తెలుసు ఎలా కొట్టాలో."

ఏం తెలుసండీ ఆయనకు? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ సాయంత్రమంతా మళ్ళీ నడుమే కొట్టాడు. కొడుతున్నంతసేపూ ఆ "మేము ఇద్దరం" చెవిలో మోగుతూనే ఉంది. చిన్నప్పుడు ఇద్దరూ ఏం చేశారు? ఇసుకగుట్ట మీద ఆడుకున్నారా? ఒకే సంచిలోంచి తిన్నారా? అడగడానికి నోరు రాదు, ఊహించకుండా ఉండడానికి మనసొప్పదు.

శుక్రవారం కొట్టు తెరవక తప్పలేదు. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ చేతిగడియారం ఇచ్చి పదిరోజులైంది, ఇవాళ కావాలని కూర్చుంది. పట్టకారుతో మర పట్టుకుంటే బొబ్బలు మండాయి. మర జారింది. వెతికి తీశాడు, మళ్ళీ జారింది. మూడోసారి బల్ల కింద ఎక్కడికో దొర్లిపోయింది. ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ లేనిది, "ఎదురుగా కొట్టులో ఇవ్వమ్మా, మా కుర్రాడే, బాగా చేస్తాడు," అని గడియారం తిరిగిచ్చేశాడు. నర్సమ్మ వెళ్ళిపోయాక తన చేతులవంక చూసుకున్నాడు. దీనికి కూడా కారణం ఆ బావేనని తేల్చుకున్నాడు. ఆ బావేమో ఎక్కడో తన ఇంట్లో, ఇవేవీ తెలియకుండా ఉన్నాడు పాపం.

శనివారం ఆవిడ మోకాళ్ళ మందుల కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆటో సందు తిరగడం చూశాడు. వీధికి అటూ ఇటూ చూశాడు. టీచరమ్మగారి కిటికీ వేసి ఉంది. దొంగలా వంగి, అంచు కింద మట్టి తవ్వాడు. గునపం దూర్చి, పైకెత్తి, రాయి పెట్టాడు. మీద ఒక్కటి వేశాడు.

ఫట్ మని బిస్కెట్టులా విరిగింది.

ఆయనకు సంతోషం వచ్చింది, ఆ వెంటే ఏడుపూ వచ్చింది. మూడు రోజులు, పది బొబ్బలు, ఒక నర్సమ్మ గిరాకీ! అంతా దండగ. అయినా మొండితనం కూడా ఒక్కోచోట అక్కరకొస్తుంది. తవ్వడం, ఎత్తడం, కొట్టడం, ముక్కలు తట్టలో వేసి గోడవార పొయ్యడం. ఆవిడ తిరిగొచ్చేసరికి సగానికిపైగా లేచిపోయింది. తవ్విన అంచులు ఆవిడకు కనిపించాయి. ఏ పద్ధతిలో లేచిందో తెలియకపోవడానికి ఆవిడేమన్నా గుడ్డిదా? ఒక్క మాట అనలేదు. లోపలినుంచి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఏదైనా అని ఉంటే ఆయన పోట్లాడేవాడు, మనసు తేలికపడేది.

ఆదివారం తెల్లవారుజామునే లేచి మళ్ళీ మొదలుపెట్టాడు. తొమ్మిదయ్యేసరికి గేటు దగ్గరి ఆఖరి పెళ్ళ కూడా లేచింది. గేటు నుంచి షెడ్డు దాకా ఎర్రటి మట్టి. గోడవార నడుమెత్తు ముక్కల గుట్ట. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ గుట్ట పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. వీపు నిటారుగా నిలవడంలేదు, చేతులు చిల్లులుపడ్డ తొడుగుల్లా ఉన్నాయి. అయినా కూర్చున్నాడు. వాడు రావాలి, చూడాలి. 'ఇదెవరు తీశారు' అని అడగాలి. 'నేనే' అనాలి. ఈ వారమంతా ఆ ఒక్క 'నేనే' కోసమే బతికాడు.

బావ ఆటోలోంచి దిగాడు. గడియారాలాయన మనసులో ఉన్నది ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి భుజాలు, నల్లటి మీసం. దిగినవాడు బక్కచిక్కి, మెడనరాలు తేలి, రెండడుగులకొకసారి ఆగి దగ్గుతున్నాడు. సిమెంటు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని ఆవిడ ఎప్పుడో చెప్పబోయింది. ఆ రోజు కూడా ఈయనకు పనేదో గుర్తొచ్చింది. బావ భుజాన ఒక గుడ్డసంచి ఉంది. గేటు దగ్గర నిలబడి మట్టినీ, గుట్టనూ చూశాడు. అడగలేదు. గడియారాలాయనవంక చూడనైనా లేదు. గుమ్మంలోకొచ్చిన ఆవిడవంక చూశాడు.

"అయ్యో! ఏమే మరదలా, నీ దారి పీకించేశావా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మొత్తం ఎందుకే? ఫోన్లో చెప్పావు కదా, గేటు దగ్గర మూడడుగులే కుంగిందని. ఆ మూడడుగులు కోసి కొత్తది పోస్తే ఇంకో ఇరవై ఏళ్ళు ఉండేది. సామానంతా తెచ్చాను," అని సంచి చూపించాడు.

గడియారాలాయన కుర్చీలోంచి లేచాడు. "నీ దారి అంటావేంటి? పోసింది నువ్వు కదా?"

"నేను పోశానంతే అన్నయ్యా. మాలు కలిపి, తట్టలు మోసి కుమ్మరించాను. బద్ద లాగి చదును చేసిందీ, తాపీ పట్టిందీ, ఆ గీతలు గీసిందీ తనే. నా చెయ్యి అంత తిన్నగా పోదు. మా మామ దగ్గర నేర్చుకున్నవాళ్ళల్లో అందరికన్నా మంచి పనివాడు మీ ఆవిడే. పెళ్ళయ్యాక తాపీ పట్టలేదట, పని మరిచిపోతానేమో బావా, నన్ను చెయ్యనియ్యి అని అడిగింది. నీకు తెలీదా?"

గడియారాలాయన భార్యవంక తిరిగాడు. "ఎందుకు చెప్పలేదు?"

"మొదట మీ అమ్మ వద్దంది. కొట్టు యజమాని పెళ్ళాం మోకాళ్ళ మీద పాకి సిమెంటు పనిచేసిందంటే నలుగురూ నవ్వుతారంది. ఆవిడ పోయాక చెబుదామనుకున్నాను. ఎన్నిసార్లు మొదలెట్టానో! బావ వచ్చాడు అని మొదలుపెట్టాలి కదండీ? ఆ మాట దగ్గరే మీరు లేచి వెళ్ళిపోయేవారు. నా సంగతి ఆ తర్వాత వచ్చేది."

ఆయన గుట్టవంక చూశాడు. పైనున్న ముక్క మీద గీతలు నాలుగు ఇంకా తిన్నగానే ఉన్నాయి. ఇరవై ఒక్క ఏళ్ళు వీధంతా మెచ్చుకున్నది తన పెళ్ళాన్ని. ఒక్కసారి చెవి ఒగ్గి విని ఉంటే, గేటు దగ్గర నిలబడి అందరికన్నా గట్టిగా తానే చెప్పుకుని ఉండేవాడు. ఇప్పుడు దాన్ని పొడిపొడి చేసి, పైన ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నాడు.

"ఇసుక తెప్పిస్తాను. కంకర తెప్పిస్తాను," అన్నాడు. "రేపే. మళ్ళీ నువ్వే పోద్దువుగాని. నేను తట్టలు మోస్తాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ఆవిడకూ వేసిందేమో, కోప్పడలేదు.

"ఈ మోకాళ్ళతోనా అండీ? ఆ రోజు షెడ్డు నుంచి గేటు దాకా మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ చేశాను. ఇప్పుడు కింద కూర్చుంటే లేవడానికి ఒకరు చెయ్యివ్వాలి. ఇంక నావల్ల కాదు."

"ఆ రోజు నువ్వు చూడాల్సింది అన్నయ్యా," అన్నాడు బావ దగ్గు ఆపుకుంటూ. "ఆఖరి గీత గీసి, గేటు అవతల నిలబడి, తన పని తానే చూసుకుని నవ్వింది చూడూ! సిమెంటు మొహానికి కూడా అంటుకుంది."

అప్పుడు రగిలింది గడియారాలాయనకు, ఇన్నేళ్ళలో ఎన్నడూ రగలనంతగా. దారి పోయింది, దాంతో ఆ పాత మంటకు ఆధారమూ పోయింది. ఇప్పటిది వేరు. ఆవిడ నవ్విన ఆ నవ్వు ఈ మనిషి చూశాడు. తాను చూడలేదు. ఇక చూడబోడు కూడా. దీన్ని ఏ సమ్మెటతో కొట్టాలి?

సరిగ్గా ఆ సమయానికే టీచరమ్మగారు గేటు తోసుకుని లోపలికి వచ్చింది. మట్టి చూసి, గుట్ట చూసి, రెండు చేతులూ బుగ్గలకు ఆన్చుకుంది.

"అబ్బబ్బ! ఎంత శుభ్రంగా తీసేశారండీ! మిషను లేదు, కూలీలు లేరు. ఒక్క ముక్క మిగల్చలేదే! ఇదంతా మీరొక్కరే చేశారా?"

బావ తల వంచుకుని సంచి సర్దుకున్నాడు. ఆవిడ గుమ్మం పట్టుకుని ఆయనవంక చూసింది. మోకాళ్ళ మీద బరువు ఒక కాలినుంచి ఇంకో కాలికి మార్చుకుంది.

"నేనేనండీ," అన్నాడు గడియారాలాయన. "ఆ దారి ఈవిడ చేసిందండీ, బావ కాదు. ఆగమని రెండుసార్లు చెప్పింది. నేనే ఆగలేదు."